మంత్రి మెడకి ఎంత పౌడరు

మా దీవిలో మంత్రుల్ని మొహం మీద విమర్శించే అలవాటు లేదు. అతిథి మా మనేబలోకి, అంటే ఊరి సభాశాలలోకి వచ్చి చాప మీద కూర్చున్నాక అతన్ని పల్లెత్తు మాట అనకూడదు. పెద్దలు లేచి అతన్ని పొగుడుతారు, అతను లేచి మమ్మల్ని పొగుడుతాడు, తరువాత అందరం కలిసి చేపా, కాల్చిన సీమపనసా తింటాం. ఆ ప్రసంగాలే నమ్మితే మా దేశ ప్రెసిడెంటు దగ్గర పనిచేసేవాళ్ళంతా ధర్మరాజులే.

అసలు తీర్పు చెప్పేది మెరెతా. నోటితో కాదు, పౌడరు డబ్బాతో.

అతిథుల మెడకి పౌడరు పూసి, కాస్త సెంటు కొట్టడం మా మర్యాద. ఆ పని మొదట మెరెతా అత్తగారు చేసేది. ముసలామె చేతులు వణకడం మొదలయ్యాక డబ్బా కోడలి చేతికొచ్చింది. మిగతా రోజుల్లో మెరెతా చాపలు అల్లుకునేది, బబాయి దుంపల గుంటలో మోకాళ్ళ లోతున దిగి పనిచేసేది, పందులతో గట్టిగా దెబ్బలాడేది. భర్త పోయి చాలా కాలమైంది. వరసకి నేను మరిదిని. సభలో మా స్థలమూ ఆమె స్థలమూ పక్కపక్కనే కాబట్టి ఆమె పని దగ్గరనుంచి చూశాను.

చేపల మంత్రి వచ్చినప్పుడు మెడనుంచి మోచేతుల దాకా పూసింది. వేపుడుకి పిండి పట్టించిన చేపలా తయారయ్యాడాయన. ఎందుకంటే మా పడవలకి ఇంజన్లు ఇప్పించింది ఆయనే. చదువుల మంత్రి సీమపనస చల్లారిపోయేదాకా మాట్లాడాడు. అయినా మెరెతా డబ్బా సగం ఖాళీ చేసింది.

"ఇదేంటి వదినా, ఆయన వాగుడికి ఇంత పౌడరా?" అన్నాను.

"వాగుడిక్కాదురా. బడికి రేకులు వేయించాడు, అందుకు."

ఆరోగ్య మంత్రి మాత్రం అందరితో చేతులు కలిపాడు, పిల్లల్ని ఎత్తుకున్నాడు. మా ఆస్పత్రిలో అప్పటికి జ్వరం బిళ్ళలు తప్ప ఇంకేమీ లేవు. మెరెతా ఆయన కుడి చెవి వెనక ఒక్క చిటికెడు అద్దింది. ఆయన ఎడమ చెవి కూడా తిప్పి పెట్టాడు. తిరిగి చూసేసరికి ఆమె అక్కడ లేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆయన పదవి పోయింది. కాకి వాలింది, తాటిపండు రాలింది, అంతే అంటాను నేను. ఊరు ఒప్పుకోదు. రాజధాని టరావాలో కూడా ఈ సంగతి పాకింది. మా దీవికి వచ్చి వెళ్ళిన ప్రతి మంత్రినీ "నీకెంత పూసింది?" అని అడిగేవారట.

అలాంటి మెరెతా కొడుకునే ప్రెసిడెంటు ఓడల మంత్రిని చేశాడు.

ఉరియామ్ చిన్నప్పటినుంచీ చురుకైనవాడు. టరావాలో చదివి, రేవు ఆఫీసులో పనిచేసి, మా దీవి తరఫున ఎన్నికల్లో గెలిచాడు. మంత్రి అయ్యాడని రేడియోలో విన్న రోజున ఊరంతా పందిని కోద్దామంది. "పంది ఎక్కడికి పోతుంది? ముందు ఓడ రానీండి," అంది మెరెతా.

ఓడ రాలేదు. పాతది చెడిపోయింది, కొత్తది మరమ్మతులో ఉంది, వచ్చే నెల తప్పకుండా వస్తుంది అని ఉరియామ్ రేడియోలో చెప్పేవాడు. వచ్చే నెల వచ్చాక కూడా అదే చెప్పేవాడు. బియ్యం అయిపోయింది, పిండి అయిపోయింది, పంచదార ఎప్పుడో అయిపోయింది. ఎండుకొబ్బరి బస్తాలు పాకలోనే ఉండి ఎలుకల పాలయ్యాయి. సహకార దుకాణం నడిపేది నేను. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు తిట్లన్నీ నాకే పడ్డాయి.

మెరెతాకి వేరే రకంగా పడ్డాయి. బావి దగ్గర ఆడవాళ్ళు వదిలేవాళ్ళు కాదు.

"ఏం మెరెతా, నీ కొడుకు ఓడని తెప్పిస్తున్నాడా, కూర్చుని చెక్కుతున్నాడా?"

"ఆయనొచ్చిన రోజు డబ్బా మొత్తం కుమ్మరిస్తుందిలే. కన్నపేగు మరి!"

ఆమె బదులు చెప్పకుండా నీళ్ళు తోడుకుని వచ్చేసేది. అలా ఊరుకోవడం ఆమె స్వభావం కాదు, అందుకే నాకు భయం వేసింది.

ఇంతలో ప్రెసిడెంటు తన మంత్రులతో దీవులన్నీ తిరుగుతున్నాడని, తిరిగి వెళ్ళాక ఎవరిని ఉంచాలో ఎవరిని తీయాలో తేలుస్తాడని కబురు వచ్చింది. ఉరియామ్ మా దుకాణానికి ఫోన్ చేసి తల్లిని పిలిపించాడు.

"అమ్మా, ప్రెసిడెంటు నా పక్కనే కూర్చుంటాడు. నీ పౌడరు సంగతి ఆయనకీ తెలుసు."

"తెలిస్తే మంచిదేగా."

"అది కాదమ్మా. సొంత తల్లే పూయకపోతే నా గతేం కావాలి?"

"ఓడ ఎప్పుడొస్తుందిరా?"

"వచ్చే నెల."

"నాక్కూడా అదే చెబుతున్నావా నాయనా," అని ఫోన్ నా చేతికిచ్చేసింది.

ఊరి పెద్ద బౌరో మంచివాడు. సభ ముందు రోజు ఆమె ఇంటికి వచ్చి, "ఈ ఒక్కసారికి డబ్బా ఇంకెవరికైనా ఇవ్వు మెరెతా. నువ్వు తల్లివి, ఎవరూ తప్పుపట్టరు," అన్నాడు.

"ఇస్తే ఇన్నాళ్ళూ నేను పూసింది ఉత్త పౌడరే అవుతుంది బాబాయ్."

"పూయకపోతే వాడి పదవి పోవచ్చు."

"పోవచ్చు," అంది. చాప అల్లడం మాత్రం ఆపలేదు.

మర్నాడు మనేబ కిక్కిరిసింది. అతిథుల వరసలో ప్రెసిడెంటు, ఆయన పక్కన ఉరియామ్, తరువాత మిగతా మంత్రులు. తలల మీద పూలదండలు, కాళ్ళ ముందు కొబ్బరి బోండాలు. మెరెతా నడుం వంచి, ఆ చివరినుంచి మొదలుపెట్టింది. ఒకాయనకి ఎక్కువ, ఒకాయనకి తక్కువ. జనం ఎప్పటిలాగే కళ్ళతోనే కొలుచుకున్నారు. కొడుకు ముందుకి వచ్చింది.

ఉరియామ్ తల వంచి మెడ చాపాడు. చిన్నప్పుడు స్నానం చేయించాక ఆమె ముందు అలాగే నిలబడేవాడు. మెరెతా ఒక చేత్తో అతని దండ కాస్త జారి ఉంటే సర్దింది. రెండో చేతిలో డబ్బా కదలలేదు. తరువాత ప్రెసిడెంటు దగ్గరికి జరిగి, ఆయనకి మర్యాదగా పూసి, తన స్థలానికి వచ్చి కూర్చుంది.

అప్పుడు నాకు ఆమె మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఒక్క చిటికెడు పూస్తే ఏం పోయింది? పక్కకి చూస్తే ఆమె చాప అంచు పట్టుకుని ఉంది, వేళ్ళు తెల్లబడిపోయాయి.

ఉరియామ్ ప్రసంగానికి లేచాడు. జేబులోంచి కాగితం తీశాడు, చూశాడు, మళ్ళీ మడిచేశాడు. "ఓడ ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. తెలుసని చెప్పడం నాదే తప్పు," అన్నాడు. అక్కడితో కూర్చున్నాడు. సాయంత్రం తల్లి వైపు చూడకుండానే పడవెక్కాడు.

అతని పదవి పోయింది. పౌడరు వల్లా, ఓడ వల్లా, ఆ మాట వల్లా అన్నది నేను చెప్పలేను. మెరెతా మాత్రం తన వల్లే అనుకుంది. తరువాతి ఎన్నికల్లో ఉరియామ్ నిలబడలేదు. టరావాలోనే ఉండిపోయాడు. నా దుకాణంనుంచి ఆమె ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. కాసేపు మోగనిచ్చి, "పనిలో ఉన్నాడేమో," అని వెళ్ళిపోయేది.

కొత్త ఓడల మంత్రి వేరే దీవివాడు, పొట్టిగా, ముభావంగా ఉంటాడు. వచ్చీ రాగానే ఓడని కదిలించాడు. ఇప్పుడు నా అరలు నిండుగా ఉంటున్నాయి, కొబ్బరి బస్తాలు వేళకి వెళుతున్నాయి. ఆయన మా దీవికి వచ్చిన రోజు మనేబలో ఒక్కరూ గుసగుసలాడలేదు. కొడుకు కుర్చీ ఎక్కినవాడికి ఈమె ఎంత పూస్తుందో అని అందరూ చూస్తున్నారు.

మెరెతా ఆయన మెడకి పూసింది, భుజాలకి పూసింది, మణికట్టు దాకా పూసింది. చేపల మంత్రికి కూడా అంత పడలేదు. సెంటు కొడుతూ ఆయన చెవి దగ్గరికి వంగింది. కొబ్బరి బోండాలు అందిస్తూ పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది.

"అయ్యా, మీకు ముందు ఆ పదవిలో ఉన్న కుర్రాడు... ఉరియామ్. టరావాలో మీకెప్పుడైనా కనిపిస్తాడా? సరిగ్గా తింటున్నాడా?"

మంత్రి తడబడ్డాడు. ఈమె అతని తల్లి అని ఆయనకి తెలిసినట్టు లేదు, ఉరియామ్‌ని ఈ మధ్య చూసినట్టూ లేదు.

"ఆ... బాగున్నాడమ్మా. బాగానే ఉన్నాడు," అన్నాడు.

వట్టి మాటేనని నాకు తెలిసిపోయింది. ఆమెకి తెలియకుండా ఉంటుందా? అయినా మెరెతా డబ్బా మళ్ళీ వంచి, ఆ మాటకి ఆయన బుగ్గ మీద ఇంకొంచెం పూసింది.