సైరన్ మోగితే స్తంభం పట్టే రజిత

గోదావరిఖనిలో మా అమ్మాయిల ఫుట్‌బాల్ క్లబ్ జీతాలిచ్చి ఆడించిన మొదటి సీజన్ అది. నేను డిఫెండర్ని. మా గ్రౌండు పక్కనే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని. గోల్‌పోస్టులను నేలలో పాతలేదు, వెనక ఇసుక బస్తాలే ఆధారం. గనిలో బ్లాస్టింగ్ జరిగితే భూమి అదిరి పోస్టు ఊగేది. అందుకే ప్రాక్టీసులో, పేల్చే ముందు గనిలో మోగే ఆఖరి సైరన్ వినగానే మా గోల్‌కీపర్ రజిత స్తంభం పట్టుకునేది.

ఆ రోజు మధ్యాహ్నం జరగాల్సిన బ్లాస్టింగ్ జరగలేదు. సాయంత్రం మ్యాచ్ హడావిడిలో ఆ సంగతే మరిచాం. ఆట ముగియవస్తోంది, ఇరువైపులా గోల్ లేదు. అవతలి జట్టు అమ్మాయి నన్ను తప్పించుకుని బంతితో దూసుకుపోయింది. నేను వెంటపడ్డాను. అప్పుడే ఆఖరి సైరన్ కూసింది.

"రజితా, బాల్ సూడవే!" అని అరిచాను. ఆమె బంతిని వదిలేసి స్తంభాన్ని వాటేసుకుంది. గోల్ పడింది. కొట్టిన ఊపులో ఆ అమ్మాయి గోల్ ముందే బోర్లా పడింది. అంతలో నేల దద్దరిల్లి, ఇనుప పోస్టు సరిగ్గా ఆమె మీదికే ఒరిగింది. రజిత పళ్లు బిగించి ఆపింది. నేను ఉరికి రెండో స్తంభం పట్టాను.

మ్యాచ్ పోయింది. "ఏంది రజితా, బాల్ ఇడిసిపెట్టి ఇనుము పట్టుకుంటవా?" అని కోచ్ సార్ మండిపడ్డారు.

"గోల్ పోతె మల్ల కొట్టుకుంటం సార్. పోస్టు వడితె ఆ పిల్ల బతుకుతుండెనా?"



ఇప్పుడు పోస్టులను సిమెంటు పోసి పాతారు. అయినా సైరన్ మోగితే రజిత చెయ్యి స్తంభం మీదికే పోతుంది. ఆ కాసేపు బంతిని ఆమెదాకా రానివ్వకుండా చూసుకోవడం మా డిఫెండర్ల పని.