మామ మోకరించిన ఆదివారం

మొన్న ఆదివారం ఆరాధన మధ్యలో, సర్పంచి పదవికి నిలబడ్డవాళ్ళు ముగ్గురూ అనుచరులను వెంటేసుకుని ఒకరి తర్వాత ఒకరు మా మందిరంలోకి వచ్చి మోకరిస్తే, మా కుర్ర పాస్టరుగారు ముగ్గురి తలలమీదా చెయ్యిపెట్టి, ముగ్గురికీ ఘనవిజయం కలగాలని మైకులో ప్రార్థించారు. ముగ్గురూ ఎలా గెలుస్తారు నాయనా, దేవుణ్ణి కూడా ఇరకాటంలో పెట్టావు గదా అని నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు గొంతు దాటకముందే కళ్ళు చెమర్చాయి. మా మేనమామ గుర్తొచ్చాడు.

దర్శి చుట్టుపక్కల మిరప పండించే మా పల్లెల్లో పెరిగిన నా ఈడువాళ్ళకు, అభ్యర్థి తలమీద అయ్యగారి చెయ్యి అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఆ చెయ్యి పడిందంటే పల్లె ఓట్లన్నీ పడ్డట్టే లెక్క. ఆ రోజుల్లో మా సంఘానికి పాస్టరు మా నాన్న, కాబట్టి ఆ చెయ్యి ఆయనదే.

మామ అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. చిన్నప్పుడే తల్లి పోతే మా ఇంట్లోనే పెరిగాడు, బావా అని పిలిచేవాడే గానీ నాన్నే తనకి తండ్రి. క్రిస్మస్ ముందు ఇంటింటికీ పాటలకు వెళ్ళినప్పుడు నాన్న చరణం ఎత్తుకుంటే, డోలక్ వాయిస్తూ మామ పైగొంతులో అందుకునేవాడు, ఆ ఇద్దరి గొంతులూ కలిస్తే చలికి ముసుగుతన్నిన ముసలాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. నిన్నే పెళ్ళి చేసుకుంటానే అని నన్ను ఏడిపించి, నేను నిజంగా ఏడ్చేదాకా వదిలేవాడు కాదు, మహానుభావుడు. తర్వాత హైదరాబాదులో కరెంటు పనికి వెళ్ళి, అక్కడే పెళ్ళి చేసుకుని, కొన్నేళ్ళకు పొలం చూసుకుంటానని తిరిగొచ్చాడు.

వచ్చిననాడు అమ్మ టీ ఇస్తే వద్దన్నాడు. కాఫీ పెడతానంటే అదీ వద్దన్నాడు. టీ వద్దనే మగాణ్ణి అమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు, కడుపులో బాలేదేమోనని వామునీళ్ళు కాచిస్తే పాపం ఆ ఘాటు నీళ్ళన్నీ నోరెత్తకుండా తాగాడు. మర్నాడు మెల్లగా బయటపెట్టాడు, తాను మోర్మన్ల సంఘంలో చేరాననీ, వాళ్ళు టీ కాఫీలు ముట్టరనీ.

మాకు ఆ పేరే కొత్త. వాళ్ళూ యేసుప్రభువునే తలుస్తారు గానీ, బైబిలుతోపాటు ఇంకో గ్రంథాన్నీ దేవుడి మాటగానే నమ్ముతారని తెలిశాక నాన్న రెండు పూటలు సరిగ్గా అన్నం తినలేదు. వసారాలో ఇద్దరూ కూర్చుని బైబిలు తిరగేస్తూ గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళు, ఒకరు ఓడిందీ లేదు, ఒకరు గెలిచిందీ లేదు, చివరికి అమ్మ కేకేస్తే లేచి కలిసే భోంచేసేవాళ్ళు.

ఊళ్ళో ఎవరి మోటారు కాలినా మామే పరుగెత్తేవాడు. అందుకే ఎన్నికలొచ్చినప్పుడు కుర్రాళ్ళు పట్టుబట్టి సర్పంచికి నిలబెట్టారు. ఇక చూడండి, మిరప కళ్ళంలో దగ్గుకుంటూ తాలుకాయలు ఏరే ఆడవాళ్ళ దగ్గర్నించి సంఘపెద్దల దాకా అందరిదీ ఒకటే మాట, అయ్యగారు బామ్మర్ది తలమీద చెయ్యి పెడతారా లేదా అని. పోటీలో ఉన్న రైతు బొట్టు పెట్టుకుని గుడికి వెళ్ళే పెద్దమనిషి, ఆయన అంతకుముందు ఆదివారమే వచ్చి మోకరిస్తే నాన్న మారుమాట లేకుండా చెయ్యిపెట్టి ప్రార్థించాడు. దాంతో అమ్మకు ఒళ్ళు మండిపోయింది.

“బొట్టు పెట్టుకున్నాయనకి పనికొచ్చిన చెయ్యి నా తమ్ముడికి పనికిరాదా అండీ?”

“ఆయన్ని చూసి మన పిల్లలెవరూ దారి మారరే. వీడు మన పాటలే పాడతాడు, మన ప్రభువు పేరే చెబుతాడు. నేను చెయ్యిపెడితే రెండు సంఘాలూ ఒకటేననుకుంటారు.”

ఆ ఆదివారం మామ తెల్లచొక్కా వేసుకుని వచ్చి బల్ల ముందు మోకరించాడు. నాన్న ఊరి కోసం, వానల కోసం, పోటీలో ఉన్న అందరి కోసం చాలాసేపు ప్రార్థించాడు, చేతులు మాత్రం బైబిలు మీంచి కదల్లేదు. ఆమెన్ అన్నాక మామ లేచి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాటినుంచి నాన్న గడపగడపకూ తిరిగి, వాడు నిజాయితీపరుడు, నా ఓటు మా బామ్మర్దికే, ప్రార్థన వేరు ఓటు వేరు అని చెప్పుకొచ్చాడు. పిచ్చి నాన్న! అంత సన్నటి గీత ఆయనకు కనపడింది గానీ పల్లెకు కనపడలేదు, అయ్యగారే ముట్టని తలకు మనమెందుకు గుద్దాలి ఓటు అనుకున్నారు. మామ ఓడిపోయాడు. పొలం కౌలుకిచ్చి మళ్ళీ హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ నాన్న చరణం ఎత్తుకుని, మామ అందుకునే చోట ఒక్క క్షణం ఆగి, తనే పాడుకునేవాడు.

నాన్న పోయినప్పుడు మామ వచ్చాడు. మీ బావ నిన్ను నాకు దూరం చేసి పోయాడురా అని అమ్మ గుండెలు బాదుకుంటే, మామ ఆమె చేతులు పట్టుకున్నాడు.

“అట్లా అనమాకక్కా. బావ మొహమాటానికి చెయ్యిపెట్టే మనిషైతే, నేనెందుకు పోయి మోకరిస్తాను?”

ఇప్పుడు మామ లేడు, అమ్మా లేదు. మా బంధువుల్లో ఎవరు ఏ సంఘానికి పోయినా ఎవరూ అడగరు, ఎవరికీ అన్నం సయించకపోవడమూ లేదు, పోట్లాటలు లేకపోవడం మంచిదేనని నేనూ ఒప్పుకుంటాను. అయినా ఒక్కసారి, ఒక్క పూట, వాళ్ళిద్దరూ మా వసారాలో కూర్చుని గొంతులు పెంచి వాదించుకుంటుంటే లోపల్నించి వినాలని ప్రాణం కొట్టుకుంటుంది.