కరగని సింహం

దయ్యాలు, చేతబడులు ఉన్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. వెండి పనివాణ్ణి. కంటికి కనిపించిందీ, తక్కెడలో తూగిందీ తప్ప వేరే ఎరగను. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్లు వెనకాడాను.

మాది కరీంనగర్. కువైట్ యుద్ధం నడుస్తున్న రోజుల్లో సౌదీలోని జెద్దాలో, బలద్ బజారులోని ఒక వెండి దుకాణంలో పనిచేసేవాణ్ణి. యుద్ధభయంతో బేరాల్లేవు. ఖాళీగా ఉండటమెందుకని మా కఫీల్, అంటే నన్ను వీసా మీద రప్పించుకున్న దుకాణం యజమాని, ఒక సంచెడు పాత వెండి ఇచ్చి కరిగించమన్నాడు.

అందులో రూపాయి బిళ్లంత నాణెం ఒకటి దొరికింది. నడుమ గోరంత డాలు. డాలు మీద వెనకకాళ్లపై లేచి నిలబడ్డ సింహం, పైన కిరీటం. అంచున నాకు తెలియని అక్షరాలు. ఎంత మేలిమి వెండో తెలియక దాన్ని విడిగా మూసలో పెట్టి కొలిమికెక్కించాను. వెలిగారం చల్లాను. నీళ్లలా కరిగాకే కడ్డీ అచ్చులో పోశాను.

చల్లారాక తీసి చూస్తే కడ్డీ మీద అదే డాలు, అదే సింహం. కాలిగోళ్లతో సహా.

అచ్చు లోపల తడిమి చూశాను. నున్నగా ఉంది. మళ్లీ కరిగించాను. ఈసారి పక్కన ఖాజా ఉన్నాడు. నిజామాబాద్ వాడు, నాతోటి పనివాడు. మిట్టమధ్యాహ్నం, వెలుతురుకు లోటు లేదు. సింహం మళ్లీ వచ్చింది.

ఖాజా ముఖం పాలిపోయింది.

"రాజన్నా, గిది ఎవ్వలకు చెప్పకు. ఈడ చేతబడి అన్నరనుకో, తల తీస్తరు. కఫీల్ అచ్చేలోపు కొట్టి సాపు చెయ్యి."

వణికే చేతులతోనే దాగలి మీద సాగగొట్టాను. కమ్మచ్చు రంధ్రాల్లోంచి లాగి సన్నటి తీగ చేసి, మిగతా వెండితో కలిపి పట్టీలు అల్లాను. ఎవరో యెమెన్ ఆమె కొనుక్కుపోయింది.

ఇంటికి వచ్చేశాక, పాత నాణేలు సేకరించే ఒక లెక్చరర్‌కు ఆ బొమ్మ గీసి చూపించాను. ఐదారు వందల ఏళ్ల కిందటి యూరప్ రాజుల వెండి నాణెం కావచ్చనీ, డాలు మీది సింహం వాళ్ల వంశం గుర్తనీ చెప్పారు. కడ్డీ సంగతి చెబితే నవ్వేశారు.

నాకున్న సాక్షి ఖాజా ఒక్కడే. చాలా ఏళ్లకు అతని బిడ్డ పెళ్లిలో కలిసినప్పుడు అడిగాను.

"ఏం సింహం అన్నా? ఉత్త కడ్డీనే గదా. నువ్వే గజగజ వణికినవ్. జరమొచ్చిందనుకున్న."

దాస్తున్నాడేమోనని కళ్లలోకి చూశాను. అబద్ధం చెబుతున్నట్టు లేదు.

మరి ఆ రోజు తల తీస్తారని నాతో అన్నదెవరు? నాకు ఇప్పటికీ తెలియదు.