మంటక్కా, పద్నాలుగు గళ్ళ ఫారమూ

మనుషుల మీద కోపం తెచ్చుకునేవాళ్ళని చాలామందిని చూశాను. వస్తువుల మీద కోపం తెచ్చుకునే మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. అదీ మామూలు కోపం కాదు, తలుపుతో తగువు పెట్టుకునే కోపం. ఆవిడ పక్క కుర్చీలో నాలుగేళ్ళు కూర్చున్నాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

వెనకాల అందరం మంటక్క అనేవాళ్ళం. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. వెబ్‌ పేజీలో కంటికి కనపడేదంతా, అంటే బటన్లూ గళ్ళూ మెనూలూ, కోడ్‌లో కట్టడం ఆవిడ ఉద్యోగం. నాదీ అదే.

రోజూ ఆఫీసు తలుపు దగ్గరే మొదలయ్యేది. తొయ్యాల్సిన తలుపుకి లాగే పిడి పెట్టారు. మేమంతా లాగి, నాలిక్కరుచుకుని, తోసుకుని వెళ్ళిపోయేవాళ్ళం. మంటక్క మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, "ఎవడు చేశాడే నిన్ను?" అని తలుపుని నిలదీసేది. తర్వాత లిఫ్టు వంతు. అందులో తెరిచే బటనూ మూసే బటనూ కవలపిల్లల్లా ఉండేవి. ఓసారి ఎవరో పరిగెత్తుకొస్తుంటే పాపమని నొక్కి, సరిగ్గా ఆయన మొహం మీదే తలుపులు మూసేసింది. ఆయన మా మేనేజరు. ఆయన మెట్లెక్కి ఐదో అంతస్తుకి వచ్చేసరికి ఈవిడ ఇంకా లిఫ్టుని తిడుతూనే ఉంది.

కాఫీ మిషన్ దగ్గరా అంతే. "ఓ కప్పు కాఫీకి ఇరవై బటన్లా? ఇదేమన్నా విమానమా?"

మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ కోపం నా పేజీ మీదికి మళ్ళేదాకా.

ఓ ఆసుపత్రికి అపాయింట్‌మెంట్ పేజీ చేశాను. డిజైన్ టీమ్ పంపిన బొమ్మని వెంట్రుకవాసి తేడా లేకుండా దించేశాను. పేజీ జనంలోకి వెళ్ళిన రోజే మంటక్క నా కుర్చీ వెనక నిలబడింది.

"ఎవరు చేశారిది?"

"నేనే అక్కా," అన్నాను, మెచ్చుకుంటుందేమోనని.

"పద్నాలుగు గళ్ళు! ఏ గడిలో ఏం రాయాలో బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఒక్క అక్షరం కొట్టగానే అవీ మాయం. పుట్టినతేదీలో చిన్న గీత మర్చిపోతే నింపినవన్నీ చెరిపేస్తోంది. ఖరారు బటనూ రద్దు బటనూ పక్కపక్కనే, రెండూ ఒకే నీలం. ఇది జబ్బు చేసినవాళ్ళకా, జబ్బు చేయించడానికా?"

"బొమ్మలో అలాగే ఉందక్కా. డిజైన్ నా పని కాదు కదా."

అంతే. ఫ్లోరంతా తలలు తిప్పింది.

"బొమ్మ కదలదు అమ్మాయీ! కదిలేలా చేసేది నువ్వు. నొక్కితే ఏమవుతుందో అందరికంటే ముందు తెలిసేది నీకు. డిజైన్ కూడా నేర్చుకోకపోతే తప్పుని తప్పని ఎలా కనిపెడతావ్?"

మర్నాడు డిజైన్ మీద ఓ లావుపాటి పుస్తకం నా బల్ల మీద పడేసింది. నేను దాన్ని మానిటర్ కింద ఎత్తు పెట్టుకున్నాను. ఒళ్ళు మండిపోయింది మరి.

నెలరోజులు రోజూ అదే గోల. మీటింగులో బల్ల గుద్దింది. మేనేజరు, "జనం నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు కదమ్మా," అన్నాడు.

"ఫిర్యాదు పేజీలో పదకొండు గళ్ళున్నాయి సార్! ఎలా వస్తుంది?"

నాకు ఓపిక నశించింది. జనం నా పేజీని హాయిగా వాడుతున్నారని రుజువు చేసి ఈవిడ నోరు మూయించాలని, ఓ శనివారం నేరుగా ఆ ఆసుపత్రికే వెళ్ళాను.

హాల్లో కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఓ మూల, ఫోన్ పట్టుకున్న పెద్దాయన ముందు గొంతుక్కూర్చుని ఉంది మంటక్క! నేను స్తంభం వెనక్కి తప్పుకున్నాను.

"మూడోసారమ్మా," అంటున్నాడాయన. "అంతా చెరిగిపోయింది. లారీ తోలేవాణ్ణి, నాకివన్నీ చేతకావు. మీకు శ్రమ ఇస్తున్నాను, ఏమనుకోకండి."

"మీకు చేతకాకపోవడం కాదు బాబాయ్ గారూ," అంది మంటక్క. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పడుకున్న పిల్లల దగ్గర మాట్లాడే గొంతు. "పేజీ బాగాలేదు. చేసినవాళ్ళం మేం, తప్పు మాది. మళ్ళీ మొదలెడదాం, నేనున్నాగా."

ఏమీ తెలియనట్టు కౌంటర్లో అమ్మాయిని అడిగాను, ఆవిడెవరని.

"ఏమో మేడమ్, నాలుగు వారాలుగా శనివారం వస్తే చాలు, దిగిపోతారు. మా స్టాఫే అనుకుని ఒకాయన బీపీ చూడమని చెయ్యి చాపాడు."

"చూసిందా?"

"లేదు. మిషన్ మీద బటన్లు చూసి దాన్ని తిట్టారు."

నవ్వు రాలేదు నాకు. నేను చేసిన తప్పుకి ఆ పెద్దాయన క్షమాపణ చెప్పుకున్నాడు! నెలంతా మంటక్క మీద పెట్టుకున్న కోపమంతా తిరిగి నా మీదికే వచ్చింది.

సోమవారం నేనే వెళ్ళి మేనేజరు బల్ల గుద్దాను.

"నువ్వు కూడానా?" అన్నాడాయన నీరసంగా.

"ఒక చేత్తో సంచీ పట్టుకుని, రెండో చేత్తో అపాయింట్‌మెంట్ తీసుకోండి సార్."

ఆయన నింపినవి రెండుసార్లు అన్నీ చెరిగిపోయాయి. మూడోసారి చివరిదాకా వచ్చి, ఖరారనుకుని రద్దు నొక్కాడు. ఫోన్ పక్కన పడేసి, పేజీ మార్చడానికి మూడు వారాల టైమిచ్చాడు.

ఆ మూడు వారాలూ మంటక్కా, నేనూ, బొమ్మ గీసిన డిజైనరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. కాగితాల మీద గీసి, ఆసుపత్రి హాల్లో చూపించి, కొట్టేసి, మళ్ళీ గీశాం. మంటక్క నన్ను తిట్టని పూట లేదు. నేనూ తిరిగి తిట్టడం నేర్చుకున్నాను, డిజైన్‌తో పాటు. పద్నాలుగు గళ్ళు ఐదయ్యాయి.

కొత్త పేజీ వెళ్ళాక ఇద్దరం హాల్లో కూర్చున్నాం. ఓ తల్లి, భుజం మీద పిల్లాడు నిద్రపోతుంటే, ఒక్క బొటనవేలితో టకటకా నొక్కి, ఫోన్ సంచీలో పడేసి, పెద్దగా ఆవలించింది.

నాకు మండింది. "అంతేనా అక్కా? బాగుందని కూడా అనుకోలేదు చూడు!"

"ఆవలించింది అమ్మాయీ!" మంటక్క మొహం వెలిగిపోతోంది. "మన పేజీ వాడి ఆవలించింది! ఇంకేం కావాలే నీకు?"

ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టబోయి, పిల్లాడు లేస్తాడని రెండు చేతులూ గాల్లోనే ఆపేసుకుంది.