సుద్దముక్కతో గీసిన దీవి

మా డ్రైవరన్న పోయాడు. మూడు వారాలైంది.

ఆ గురువారం పొద్దున నా కొట్లో కూర్చుని ఆయన చొక్కాకే కాజాలు కుడుతున్నాను. ఎదురింట్లోంచి వదిన కేక వినపడింది. సూది గుడ్డలోనే వదిలేసి పరుగెత్తాను. అరుగు మీద ఆయన పక్కన గ్లాసులో టీ ఇంకా వెచ్చగా ఉంది. ఆయన లేడు. డాక్టరు వచ్చి గుండె అన్నాడు. ఆ తర్వాత ఏం చెప్పాడో నా చెవికెక్కలేదు.

కాసేపటికి వదినే అడిగింది: "ఆ పూల చొక్కా అయిందా మరిదీ? అయితే అదే ఎయ్యండి. దాని కోసం చానా ఎదురు చూశాడు."

మిగిలిన రెండు కాజాలు ఏడుస్తూ కుట్టాను. నీలం గుడ్డ మీద అరచేయంత మందారాలు. బతుకంతా ఖాకీలో గడిపిన మనిషి మందారాల చొక్కాతో వెళ్ళిపోయాడు. అదే తానులోంచి కుట్టిన రెండో చొక్కా నాది. అది ఇంకా కొట్లో కొక్కేనికి వేలాడుతోంది. దాని సంగతి మీకు చెప్పాలంటే మా దీవి ప్రయాణం సంగతి చెప్పాలి.

నేను నరసరావుపేటలో టైలరుని. ఏడో తరగతిలో బడి మాని కత్తెర పట్టినవాణ్ణి. రాతలో తప్పులుంటే మన్నించండి. నా కూతురు మాత్రం, నా బంగారు తల్లి, బ్యాంకులో ఆఫీసరు. మొన్న ఎండాకాలంలో మేనేజరైంది. ఆ రోజు మా వీధిలో మైసూర్‌పాక్ ముట్టని ఇల్లు లేదు! దేవుడు నాకిచ్చినంత ఎవరికిచ్చాడు అని కనపడిన ప్రతివాడినీ అడిగాను. ఆ వేడుకలోనే అది ఒక మాట అంది.

"నాన్నా, నిన్ను విమానం ఎక్కిస్తా. జపానుకి దక్షిణాన సముద్రంలో ఒకినావా అని ఒక దీవి ఉంది. చలి పెద్దగా ఉండదు, మనలాగే చెరుకు పండిస్తారు. అక్కడ కారు అద్దెకు తీసుకుందాం. డ్రైవరు ఉండడు, నేనే నడుపుతా. వారం రోజులు దీవంతా తిరుగుదాం."

నా సంతోషం విమానం అన్న మాట దగ్గర ఎక్కి, డ్రైవరు ఉండడు అన్న మాట దగ్గర దిగిపోయింది.

నా భయానికి ముప్పై ఏళ్ళు. శ్రీశైలం నుంచి యాత్రల బస్సులో తిరిగొస్తున్నాం. ఐదేళ్ళ నా కూతురు నా ఒళ్ళో ఉంది. దోర్నాల ఘాటు దిగుతుంటే బస్సుకి బ్రేకు పడటం మానేసింది. ఆడవాళ్ళు అరుస్తున్నారు. ఎడమ పక్కన లోయ. ముందు కూర్చున్న డ్రైవరు గొంతు పెంచకుండా ఒక్క మాట అన్నాడు. "పిల్లల్ని మీరు పట్టుకోండి. బండిని నే పట్టుకుంటా." గేర్లు తగ్గిస్తూ, బస్సుని కొండ వైపు మట్టి గట్టుకి రాసుకుంటూ పోయి ఆపాడు. కిందకి దిగి నీళ్ళు తాగి నన్ను అడిగాడు: "ఏ ఊరు?"

"పేట."

"నాదీ పేటే. పాప చెప్పు పడిపోయింది, చూసుకో."

ఆయనే మా డ్రైవరన్న. ఆ తర్వాత మా ఎదురింట్లోకే అద్దెకు వచ్చాడు, నా అదృష్టం. అప్పట్నుంచి ఆయన నడపని బండి, పోనీ ఆయన కూర్చోని బండి నేను ఎక్కలేదు. నా కూతురికి కారు నేర్పిందీ ఆయనే. వాళ్ళిద్దరూ ముందు, నేను వెనక. లేని బ్రేకుని నా కుడికాలు తొక్కుతూనే ఉండేది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ కాలు తియ్యరా, కారుకి బొక్క పడుద్ది," అనేవాడు.

కాబట్టి దీవికి నేనొక షరతు పెట్టాను. ముందు సీట్లో డ్రైవరన్న కూర్చుంటేనే వస్తాను. నా కూతురు నవ్వి మూడు టికెట్లు తీసింది. డెబ్బై అయిదేళ్ళ వయసులో ఆయన మొదటి పాస్‌పోర్టు ఫొటో దిగాడు. దీవిలో వేసుకోవటానికని మా ఇద్దరికీ ఒకే తానులోంచి పూల చొక్కాలు మొదలుపెట్టాను.

ఇక రోజూ సాయంత్రం నా కటింగ్ బల్ల దగ్గర ముగ్గురం చేరేవాళ్ళం. నా కూతురు ఫోన్లో దీవి చూపించింది. అన్న కళ్ళజోడు సర్దుకుని, "అరచేతిలో ఏం కనపడుద్దే? పెద్దగా గియ్యాలి," అన్నాడు. చొక్కాల కొలతలు గీసుకునే ఖాకీ కాగితం బల్ల నిండా పరిచాను. సుద్దముక్క ఆయన చేతికిచ్చాను. పెన్ను సంగతి ఎవరికీ తట్టలేదు. నా బల్ల మీద ఏది గీసినా సుద్దతోనే కదా.

"ఎంత పొడుగే?"

"నూరు కిలోమీటర్ల పైన ఉంటది పెదనాన్నా."

"అంతేనా! పేట నుంచి మాచర్ల పోయి, టీ తాగి, రెంటచింతల దాకా వెనక్కొచ్చినంత. దీనికి వారం ఏంది?"

"అక్కడ నలభై, యాభై కంటే స్పీడు పోకూడదు. ఊరికే హారన్ కొట్టకూడదు."

"హారన్ ఎందుకులే, మీ నాన్న అరుస్తాడుగా!"

ఆయన నవ్వుతుంటే సుద్దపొడి బల్లంతా రాలేది. నేను మాత్రం రోజుకో భయం ఆయన ముందు పెట్టేవాణ్ణి.

"బ్రేకు ఫెయిలైతే ఎట్లా అన్నా? వాళ్ళ భాష మనకి రాదు."

"దోర్నాల ఘాటులో నేను ఏ భాషలో మాట్లాడాన్రా? బ్రేకు పడనప్పుడు గేరుతో మాట్లాడాలి."

"సముద్రం మీద పొడుగాటి వంతెన ఉందంట."

"సాగర్ డ్యామ్ అనుకో. అటు నీళ్ళు, ఇటు నీళ్ళు. మధ్యలో చూడు, పక్కలకి చూడమాక."

"తుఫాను వస్తే?"

"వస్తే గదిలో పడుకుందాం. బండి తియ్యకూడని రోజు తియ్యకపోవటం కూడా డ్రైవింగే."

నా దగ్గర్నుంచి ఆయన ఒక మాట తీసుకున్నాడు. గుడ్డ కత్తిరించేటప్పుడు కొలత మీద కొంచెం కుట్టుకు వదులుతాం కదా, నా కూతురు ఇక్కణ్ణుంచి ఇక్కడికి గంట అనగానే, "కుట్టుకు వదిలావా?" అని అడిగేవాడు. అది అరగంట కలిపేది. "దారిక్కూడా కుట్టుకు వదలాలే. బిగుతుగా కుడితే ఎక్కడో పిగులుద్ది." అలా ప్రతి మజిలీకి ఒక సున్నా చుట్టి, పక్కనే టీ, భోజనం, ఒంటేలు అని రాశాడు. ఒంటేలు అని పదకొండు చోట్ల ఉంటే నా కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. "నవ్వమాకే. మా వయసొచ్చాక తెలుసుద్ది."

అంతా గీశాక ఒక పరీక్ష పెట్టాడు. "ఆదివారం కొండవీడు ఘాటు ఎక్కి దిగాలి. పిల్ల బండి దించిన తీరు చూసి నే సరేనంటేనే దీవి." నేను ఆ ఆదివారానికి లోలోపల వణుకుతూనే ఉన్నాను. అది రాకముందే గురువారం వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక ఆ కాగితం విప్పాను. మడతల్లో గీతలన్నీ చెరిగిపోయాయి. వంతెన లేదు, సగం దారి లేదు. సుద్దగీత దులిపితే పోయేదేనని నలభై ఏళ్ళుగా కత్తెర పట్టినవాడికి నాకు తెలియదా? ఆ తెలివితక్కువ పనికి నన్ను నేనే తిట్టుకున్నాను. కూతురికి ఫోన్ చేశాను.

"మూడు టికెట్లూ క్యాన్సిల్ చెయ్యమ్మా. నా వల్ల కాదు."

"సరే నాన్నా. కానీ ఈ ఆదివారం కొండవీడు పోదాం. అది పెదనాన్న మాట. తర్వాత నీ ఇష్టం."

దానికీ రానని చెప్పటానికి వదిన సాయం అడుగుదామని ఎదురింటికి వెళ్ళాను. ఆమె పప్పు చెరుగుతోంది.

"ఆయన లేకుండా నేను బండెక్కలేను వదినా. ఆయనకి ఉన్న ధైర్యం నాకేది?"

ఆమె చేట కింద పెట్టింది. "ఆయనకి ధైర్యమా? విమానం అంటే ఆయనకి గుండెల్లో దడ మరిదీ. ఆకాశంలో స్టీరింగ్ ఎవడి చేతిలో ఉంటదో ఏందో అని ఒకటే గోల. అయితే మానుకోమన్నా. ఏమన్నాడో తెలుసా? 'తమ్ముడు పక్కనుంటాడు గదా, వాడి ముందు భయపడితే బాగుండదు, పోతాలే' అన్నాడు."

ముప్పై ఏళ్ళు ఆయన వెనక కూర్చుని నేను ధైర్యం తెచ్చుకున్నాననుకున్నాను. మా అన్నకీ ఒక భయం ఉందని, దానికి నేను పనికొచ్చానని తెలిసి, ఏమని చెప్పను, ఏడుస్తూనే పొంగిపోయాను.

ఆదివారం కొండవీడు వెళ్ళాం. నేను మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నాను. ఎక్కేటప్పుడు కళ్ళు మూసుకునే ఉన్నాను. దిగేటప్పుడు మలుపు మలుపుకీ నా కుడికాలు నేలని తొక్కుతోంది. ఒక మలుపులో ఎదురుగా ఖాళీ తప్ప ఏమీ కనపడలేదు. "ఆపమ్మా!" అని అరిచాను.

అది ఆపలేదు. గేరు తగ్గించింది. బండి గొంతు మారింది, నెమ్మదించింది. నా వైపు చూడకుండానే అంది: "సీటు నువ్వు పట్టుకో నాన్నా. బండిని నే పట్టుకుంటా."

దోర్నాల ఘాటులో విన్న మాట నా బిడ్డకి గుర్తుండే వయసు కాదు. కారు నేర్పేటప్పుడు ఆయనే అంటుండేవాడేమో. అడగలేదు. కొండ దిగాక చూసుకుంటే నా కాలు ఇంకా నేలనే తొక్కుతోంది. భయం ఎక్కడికీ పోలేదు. అయినా, "రెండు టికెట్లు ఉంచమ్మా," అన్నాను.

ఇంటికొచ్చి ఇద్దరం కాగితం బల్ల మీద పరిచాం. మిగిలిన గీతల మీద నా కూతురు పెన్ను పోనిచ్చింది. చెరిగిపోయినచోట ఆయన మాటలు గుర్తు చేసుకుంటూ గీసింది. వంతెన దగ్గర 'సాగర్ డ్యామ్ అనుకో' అని రాసింది. ఒక మూల మాత్రం పెన్ను పెట్టనివ్వలేదు నేను. కాగితం చుట్టుకుపోకుండా ఆయన అదిమి పట్టుకున్న చోటది. సుద్దపొడితో తెల్లగా, గీతలు గీతలుగా, ఆయన బొటనవేలి ముద్ర.

వచ్చే శుక్రవారం బయలుదేరుతున్నాం. పెట్టె సర్దాను. ఆ మూల మీద మడత పడకుండా కాగితాన్ని మడిచి, ముద్ర రాసుకుపోకుండా పైన మెత్తటి మల్లు గుడ్డ ముక్క పరిచి, నా మందారాల చొక్కాలో పెట్టాను. దాని మీద రాలిన ఆయన సుద్దపొడి ఇంకా ఉంది. చొక్కాని మాత్రం దులపలేదు.