పడవలో మేం మర్చిపోని డబ్బా

దయ్యాలు ఉన్నాయంటే నేను నమ్మను. ఆ మాటకొస్తే మనుషుల్ని కూడా అంత తొందరగా నమ్మను. పాలు పోయించుకోగానే వేలు ముంచి చూసే రకాన్ని. స్కూల్లో లెక్కలు చెబుతాను. సమాధానం సరిగ్గా వచ్చినా, ఎలా వచ్చిందో చూపించకపోతే మార్కులు వెయ్యను. "అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఉన్న భూతం అదొక్కటే" అని మా ఆయన నలుగురిలోనూ నన్ను ఆటపట్టిస్తూ ఉంటారు. ఇలాంటి అనుభవం గురించి రాయాల్సిన రోజు నాకే వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మాది బిలాస్‌పూర్. మా మామగారు రైల్వే ఉద్యోగం దొరికి విజయనగరం వైపు నుంచి ఇక్కడికొచ్చారు. మా ఆయన రమణ గూడ్సు బళ్లు నడిపే లోకో పైలట్. నేను పనిచేసే ప్రైవేటు స్కూలు ఊళ్లోనే, మోప్కా అనే పేటలో ఉంది. మా అబ్బాయికి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. అందుకే వాళ్ల నాన్న గురించి తెలుగులో ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

లోకో పైలట్ భార్యకి మొగుడు ఎక్కడున్నాడో ఎప్పుడూ పూర్తిగా తెలియదు. డ్యూటీ ఉందని ఫోన్ వస్తుంది, సంచీ సర్దుకుని వెళ్తారు. ఏ స్టేషన్ రన్నింగ్ రూములో పడుకుంటారో, ఎప్పుడు తిరిగొస్తారో దేవుడికెరుక. వచ్చాక ఆయన చెప్పింది వినడమే మన వంతు. నాలాంటి మనిషి ఇన్నేళ్లు ఆ పని ఎలా చేసిందో నాకే ఆశ్చర్యం.

ఆయన డ్యూటీకి పట్టుకెళ్లే అన్నం డబ్బా గురించి ఇక్కడే చెప్పాలి. అది నా పెళ్లికి మా అమ్మ కొనిచ్చిన స్టీలు సామానులోది. అమ్మ ప్రతి గిన్నె మీదా నా పేరు కొట్టించింది. ఈ డబ్బా మీద 'హేమలత' అని తెలుగులో చుక్కల అక్షరాలు ఉంటాయి. పేరు కొట్టేవాడి చెయ్యి జారి చివర్లో తోకలాంటి గీత ఒకటి పడింది. కొత్త డబ్బా పాడుచేశాడని అమ్మ ఆ రోజంతా వాణ్ణి తిట్టింది. ఆ తోక వల్లే ఎక్కడున్నా నా డబ్బాని గుర్తుపడతాను.

మొన్నటి చలికాలంలో అండమాన్ వెళ్లాం. ఆ ఏడాది రైలు పాసులు వదులుకుంటే విమానం ఖర్చు రైల్వే వాళ్లే ఇస్తారని తెలిసి ఆయనే పట్టుబట్టారు. అబ్బాయికి కోచింగ్ ఉండటంతో వాణ్ణి మా ఊళ్లోనే కుదుదండ్‌లో ఉండే మా అక్క ఇంట్లో దిగబెట్టాం. బయల్దేరే రోజు ఆ డబ్బాని నేనే కడిగి వంటింటి గట్టు మీద బోర్లించాను. విమానంలో బరువెందుకని దారికి పులిహోర ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకున్నాం. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి.

పోర్ట్ బ్లెయిర్ అవతల ఒక దీవిలో బస. నలుగురితో కలిసి వెళ్లే పడవ వద్దని మా ఆయన హోటల్ వాళ్లతో చెప్పి మా ఇద్దరికే ఒక పడవ మాట్లాడారు. మాస్కు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ల మీద తేలుతూ కింద పగడపు దిబ్బల్నీ చేపల్నీ చూడాలట. సముద్రమంటే నాకు భయం. పడవలో కూర్చుని చూస్తానని ముందే చెప్పేశాను.

ఆ రోజు పొద్దున్న ఎండ బాగా కాసింది. పడవవాడు యాభై దాటిన మనిషి, పేరు అప్పన్న. మమ్మల్ని చూడగానే మొహం ఇంత చేసుకుని మన తెలుగులోనే పలకరించాడు.

"మల్లీ వచ్చినారేటి బాబూ! బాగున్నారా? అమ్మగారూ, మీరు బాగున్నారా?"

వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఆ దీవుల్లో స్థిరపడ్డారట. అక్కడ మన వాళ్లు చాలామందే ఉన్నారు. ఊరుకాని ఊళ్లో మన మాట వినిపిస్తే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. నాకు మాత్రం 'మళ్లీ' అన్న మాట దగ్గరే చెవి ఆగిపోయింది.

మా ఆయన నవ్వి ఊరుకున్నారు. మేం రాలేదని అనలేదు. నేనే అడిగాను.

"మేం ఇంతకుముందు రాలేదే. ఎప్పుడొచ్చాం?"

"వానలు రాకముందే గదమ్మా."

వెంటనే నెలలు లెక్కవేశాను. కిందటి ఎండాకాలంలో, సరిగ్గా వానలకి ముందే, మా ఆయన రిఫ్రెషర్ ట్రైనింగ్ అని చెప్పి వారాల తరబడి వేరే ఊళ్లో ఉన్నారు. రోజూ రాత్రి ఫోన్ చేసేవారు. ఫోన్ ఎక్కడి నుంచైనా చెయ్యొచ్చుగా!

పడవ కదిలాక గొంతు తగ్గించి ఆయన్ని నిలదీశాను. ఆయనకి కోపం వచ్చింది.

"ఏటి హేమా, పాగల్ అయిపోయావేటి? వాడు రోజుకి ఎంతమందిని చూస్తాడో! ఎవరనుకున్నాడో ఏటో!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే అనిపించింది నాకు. తప్పు లేని మనిషికి అంత కోపం ఎందుకు?

ఈసారి అప్పన్న దగ్గరికి జరిగి మెల్లగా అడిగాను, పోయినసారి సారుతో వచ్చిన ఆవిడ ఎలా ఉందని. వాడు నన్ను వింతగా చూశాడు.

"మీరే గదమ్మా వచ్చినారు! ఇదే బల్ల మీద కూకున్నారు. నీళ్లంటే బయమని దిగలేదు."

ఎంత గడుసువాడు అనుకున్నాను. వేరే ఆవిడని తీసుకొచ్చిన సంగతి నా ముందు బయటపడిందని గ్రహించి మాట మార్చేస్తున్నాడు. మగవాళ్లు ఒకళ్లనొకళ్లు ఎలా కాచుకుంటారో నాకు తెలియదా! నీళ్లంటే భయమన్న ముక్క మా ఇద్దరి మాటల్లో వినే ఉంటాడు. అప్పటికి నా తర్కం నాకు బాగానే ఉంది.

దిబ్బల దగ్గర లంగరు వేశాడు. నీళ్లు గాజులా ఉన్నాయి. పడవ మీంచే కింద పగడాలు కనిపిస్తున్నాయి. నారింజ రంగు మీద తెల్లచారలున్న చిన్న చేపలు గుంపుగా తిరుగుతున్నాయి. ఒక తాబేలు మా పడవ కిందనుంచి తీరిగ్గా వెళ్లింది. ఇంకో రోజైతే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేదాన్ని. ఆ రోజు ఏడుపు ఆపుకోవడమే నాకు పెద్దపనైపోయింది.

మా ఆయన దిగారు. కాసేపటికి లైఫ్ జాకెట్ విప్పి పడవలో పడేశారు. అది ఉంటే కిందకి మునగనివ్వడం లేదట, తాబేలు వెంట వెళ్లాలట. అప్పన్న వద్దని మొత్తుకున్నాడు. "చిన్నప్పుడు అర్పాలో ఈదినవాణ్ణి" అన్నారు ఆయన. అర్పా అంటే మా ఊరి నది. ఏడాదిలో సగం రోజులు మోకాలి లోతు కూడా ఉండదు. ఆ గొప్పతో సముద్రంలో మునిగారు.

మునిగితే మునగనీ అనుకున్నాను. అబద్ధం చెప్పను, సరిగ్గా ఆ మాటే అనుకున్నాను. ఆయనకి వీపు పెట్టి, ఒడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. ట్రైనింగ్ నుంచి ఆయన వచ్చిన రోజు మొహం నల్లబడి ఉందా, బట్టల్లో ఇసుక ఉందా అని గుర్తుచేసుకుంటూ ఉన్నాను.

అప్పన్న ఇంజను దగ్గర కూర్చుని చిక్కుపడ్డ తాడు విప్పుకుంటున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"పోయినసారి కూడా ఇలాగే అటు తిరిగి కూకున్నారమ్మా."

ఆ మాట నా ఒంట్లో ఎక్కడ తగిలిందో చెప్పలేను. గభాల్న వెనక్కి తిరిగాను. నీళ్ల మీద ఆయన లేరు. గొట్టం కొస కూడా కనిపించలేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టే ఓపిక కూడా లేకపోయింది. గొంతు చిరిగేలా అరిచాను.

అప్పన్న తాడు వదిలేసి దూకాడు. రాళ్ల పక్కనుంచి మా ఆయన్ని చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చాడు. కాలు కొంకర్లు పోయిందట, మాస్కులోకి నీళ్లు వచ్చాయట, అడుగున ఉన్న ప్రవాహం పక్కకి లాగేసిందట. ఇవన్నీ తరవాత చెప్పారు. అప్పుడు మాత్రం పడవలో బోర్లా పడి దగ్గుతూ ఉన్నారు. ఆయన వీపు మీద రాస్తూ నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఎవరితో వచ్చినా సరే, ఎన్నిసార్లు వచ్చినా సరే, ఈ మనిషి ఊపిరి పీలిస్తే చాలనిపించింది.

అప్పన్న తువ్వాలుతో తల తుడుచుకుంటూ తాపీగా అన్నాడు.

"ఈసారి యేలకి కేకేసినారమ్మా. పోయినసారి ఆలీసమైపోనాది. సారు శానా నీళ్లు తాగేసినారు. బేగి ఆస్పత్రికి అట్టుకెళ్లిపోనాం గదా."

ఇంకెవరితోనో పొరబడి ఏదో వాగుతున్నాడనుకున్నాను. ఒడ్డుకి చేరాక వాడు పడవ ముందు భాగంలో ఉన్న పెట్టె తెరిచి, పాత తువ్వాల్లో చుట్టిన వస్తువొకటి నా చేతిలో పెట్టాడు.

"ఆ గాబరాలో దీన్ని ఒగ్గేసినారు. మల్లీ వస్తారని దాసినాను."

స్టీలు డబ్బా. దాని మీద 'హేమలత'. పేరు చివర తోక.

ఆ తోకని వేలితో తడిమి చూశాను. మా ఆయన దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన మొహంలో రంగు లేదు. ఆ మొహం నటన కాదని ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి గట్టిగా నమ్మాను. అప్పన్న దానికి మా దగ్గర బహుమానం కూడా ఏమీ ఆశించలేదు. "ఈసారి మర్సిపోకండేం" అని నవ్వి వెళ్లిపోయాడు.

మరి ట్రైనింగ్ మాట? మా ఆయనతో కలిసి ట్రైనింగ్‌కి వెళ్లిన ఇంకో పైలట్ కుటుంబం మా పక్క క్వార్టర్లోనే ఉంటుంది. దీవి నుంచే ఆ పైలట్ భార్యకి ఫోన్ చేసి, ఏదో కబుర్లలా అడిగాను. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారట, రాత్రిళ్లు వీడియో కాల్‌లో మా ఆయన కూడా కనిపించేవారట. "ఏం, ఏమైందక్కా?" అంది. ఏం లేదన్నాను.

అప్పటికీ నాకు మిగిలిన దారి ఒకటుంది. ఇంట్లో గట్టు మీద డబ్బా లేకపోతే, ఎవరో ఎలాగో దాన్ని తెచ్చారని తేలిపోతుంది. ఎవరు, ఎందుకు అన్నది తరవాత చూసుకోవచ్చు. బిలాస్‌పూర్‌లో దిగి, తాళం తీసి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్లాను.

డబ్బా నేను బోర్లించిన చోటే ఉంది.

రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. అవే చుక్కలు, అదే తోక. ఒకే ఒక్క తేడా. అప్పన్న ఇచ్చినదానికి పేరు కింద, అడుగు అంచున, బొటనవేలంత సొట్ట ఉంది. ఇంట్లో ఉన్నదానికి లేదు. ఆ సొట్ట చూశాక నాకు ఎంత హాయిగా ఊపిరాడిందో! ఇది వేరే డబ్బా. పేరు కొట్టినవాడు ఇంకో హేమలతకీ అలాగే చెయ్యి జార్చి ఉంటాడు. ఇలాంటి సమాధానానికి మా పిల్లలకైతే సున్నా వేసేదాన్ని. నాకు నేను మాత్రం పూర్తి మార్కులు వేసుకున్నాను. సొట్టది అటక మీద పడేసి తలుపు వేశాను.

చలి తగ్గి ఎండలు మొదలయ్యాయి. ఒకరోజు మా ఆయన డ్యూటీ నుంచి సాయంత్రం ఇంటికొచ్చారు. సంచీలోంచి డబ్బా తీసి కడుగుతుంటే వేలికి ఏదో తగిలింది. తిప్పి చూశాను. పేరు కింద, అడుగు అంచున, బొటనవేలంత సొట్ట.

ఇంజను దిగుతుంటే చెయ్యి జారి పట్టాల పక్క కంకర మీద పడిందట. నన్ను ఏడిపించడానికి ఈయనే సుత్తితో కొట్టారేమోనని, ఆ రోజు ఆయనతో ఉన్న అసిస్టెంటుకి ఫోన్ చేశాను. "అవును భాభీ, నా కళ్ల ముందే పడింది" అన్నాడు. ఇద్దరూ ఇంజన్లో కలిసి తిరిగేవాళ్లు. దొందూ దొందే కావచ్చు. ఆయన్ని మా అబ్బాయి మీద ఒట్టు వెయ్యమన్నాను. వేశారు.

అటక మీంచి రెండోది దించాను. ఇప్పుడు రెండింటికీ ఏ తేడా లేదు. రెండూ తిప్పితిప్పి చూసేసరికి ఏది ఏ చేతిలో ఉండేదో మర్చిపోయాను. ఇక మా డబ్బా ఏదో, అప్పన్న ఇచ్చింది ఏదో నాకు తెలియదు.

పోయినసారి అని అప్పన్న అన్నది జరిగిపోయినదాని గురించా, ఇంకా జరగాల్సినదాని గురించా? ఈ సొట్ట పడ్డ డబ్బా పట్టుకుని ఇంకోసారి ఆ పడవ ఎక్కితే, నేను ఆలస్యంగా అరిచేది అప్పుడేనా? లెక్కల టీచర్ని అయ్యుండి కూడా దీనికి దారి చూపించలేను. హోటల్‌కి ఫోన్ చేసి అప్పన్న నంబరు అడుగుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. వాడు ఏం చెబుతాడోనన్న భయంతో చెయ్యలేదు.

మా ఆయనకి ఇదేమీ పట్టదు. "అరే, తాబేలుని సరిగ్గా చూడనేలేదు. లీవు ఉంది, వానలు రాకముందే ఇంకోసారి ఎల్లొద్దాం" అంటున్నారు. వానలు రాకముందే అన్నది ఆయన నోటినుంచే వచ్చింది, నేను చెప్పింది కాదు. నేను చచ్చినా రానన్నాను. రెండు డబ్బాలూ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆయన ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాలో అన్నం పట్టుకెళ్తున్నారు, గొణుక్కుంటూ.

ఆయన్ని అనుమానించడం మానేశానని చెప్పను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. కానీ ఆయన నీళ్ల దగ్గర ఉంటే మాత్రం అటు తిరిగి కూర్చోవడం నా వల్ల కావడం లేదు. స్నానానికి వెళ్లి కాస్త ఆలస్యమైనా వెళ్లి తలుపు కొడతాను.

"బతికే ఉన్నానే!" అంటారు లోపలి నుంచి.

ఆ మాట వినేదాకా అక్కడే నిలబడతాను.