పైనుంచి వచ్చే గోదావరి

మాది కోనసీమలో, గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊరు. చిన్నప్పుడు భద్రాచలం పేరు మాకు వరదల వార్తల్లోనే వినబడేది. అక్కడ నీళ్లు పెరిగాయంటే ఇక్కడ మేం సామాన్లు అటకెక్కించాలి. అందుకే మా ఆయన ఉద్యోగం కోసం రాష్ట్రం మారి పాల్వంచ క్వార్టర్స్‌లో దిగిన కొత్తలో, భద్రాచలం పోదామని పక్కింటి అక్క అంటే నాకేమీ హుషారు రాలేదు.

అయినా వాళ్లాయన ఆఫ్ రోజున రెండిళ్ల వాళ్లం బస్సెక్కాం. దారి పొడుగునా టేకు చెట్లు. వంతెన మీదికి రాగానే బస్సంతా చేతులు జోడించింది. కిటికీల్లోంచి చిల్లర నీళ్లలోకి ఎగిరింది. ఒడ్డు నుంచి ఒడ్డుకి నిండుగా గోదావరి, అవతల నీలంగా కొండలు. ఇంత అందమని వార్తల్లో ఒక్కడూ చెప్పలేదు! నేను మాత్రం బింకం వదల్లేదు.

"మా గోదారి ఇంకా వెడల్పు అక్కా" అన్నాను.

రేవులో పులిహోర తిన్నాక, అక్క ఖాళీ డబ్బా నీళ్లలో జాడిస్తూ నవ్వింది.

"ఏంది చెల్లె, మా గోదారి మా గోదారంటవ్? మేం వాడుకోంగ మిగిలిందే కద మీకాడికొచ్చేది!"

నాకు చురుక్కుమంది.

ఆ తర్వాత ఏ ఆఫ్ రోజున ఎటు పోదామన్నా నేను భద్రాచలమే అనేదాన్ని. వానాకాలంలో ఓ రోజు కరకట్ట మీద నిలబడి, ఉరకలేస్తున్న ఎర్రనీళ్లని కళ్లారా చూసి, ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను.

"సామాన్లు అటకెక్కించుకోండిరా. మేం పంపిస్తున్నాం."